అమ్మ మతిమరుపుకు చేప నూనె క్యాప్సూళ్ళు పనిచేస్తాయా?

గోదారి_గట్టు
అమ్మకు డెబ్బై దాటాయి. కాకినాడలో నా దగ్గరే ఉంటుంది. కొన్ని నెలలుగా అడిగిందే అడుగుతోంది. పొద్దున పాలబ్బాయికి నెల డబ్బు ఇచ్చింది, సాయంత్రం వీధిలో కనిపిస్తే పిలిచి మళ్ళీ ఇచ్చింది. అతను మంచివాడు కనుక తెచ్చి నా చేతిలో పెట్టాడు. తమ్ముడు న్యూజెర్సీ నుంచి పెద్ద సీసాడు చేప నూనె క్యాప్సూళ్ళు పంపి, రోజుకు రెండు వేయమంటున్నాడు. వీధి చివరి మందుల దుకాణం ఆయన అవి చాలవు, సముద్రపు నాచు మాత్రలు కూడా కలపాలి అంటున్నాడు. మా పెద్దమ్మ కొడుకేమో జెల్లీ చేప నుంచి తీసిన మాత్ర గురించి వీడియో పంపాడు. అమ్మ పుట్టింది ఉప్పాడ పక్కన, ఒకప్పుడు చేప లేనిదే ముద్ద దిగేది కాదు. పళ్ళు ఊడాక ముల్లు గుచ్చుకుంటుందని మానేసింది. మీలో ఎవరైనా ఇవి వాడి చూశారా? మెదడుకు నిజంగా మేలు చేస్తాయా, ఊరికే డబ్బు దండగా?

మందుల_బీరువా
సీసా వెనుక చిన్న అక్షరాల్లో ఏమి రాసి ఉందో చూసి ఇక్కడ పెట్టండి. ముందు వైపు పెద్దగా కనిపించే 1000 మిల్లీగ్రాములు మొత్తం నూనె బరువు. పని చేయాల్సినవి అందులోని ఇ.పి.ఎ., డి.హెచ్.ఎ. అనే రెండు ఒమేగా-3 కొవ్వులు. మామూలు రకంలో ఇ.పి.ఎ. 180, డి.హెచ్.ఎ. 120 ఉంటాయి. మిగతాది ఉత్త నూనే. మతిమరుపు మీద జరిగిన ఒక పెద్ద ప్రయోగంలో రోజుకు 2 గ్రాముల డి.హెచ్.ఎ. ఇచ్చారు. మీ తమ్ముడు పంపింది మామూలు రకమైతే అంత మోతాదుకు రోజుకు పదిహేడు క్యాప్సూళ్ళు మింగాలి.

పప్పుచారు_ప్రసాదు
పదిహేడంటే ఇక ఇడ్లీ వండే పని లేదు.

డల్లాస్_దత్తు
నవ్వడం తేలిక. మా అత్తగారికి ఏడాదికి పైగా క్రిల్ నూనె, అంటే రొయ్యలాంటి చిన్న సముద్ర జీవుల నుంచి తీసిన నూనె, ఇస్తున్నాం. ఇదివరకు మనవళ్ళ పేర్లు కలిపేసేవారు, ఇప్పుడు తడబాటు బాగా తగ్గింది. ఇది ఒక్క మా ఇంటి సంగతి కాదు. అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ అధ్యయనంలో 899 మందిని తొమ్మిదేళ్ళకు పైగా గమనించి 2006లో ఫలితాలు ప్రకటించారు. రక్తంలో డి.హెచ్.ఎ. బాగా ఎక్కువగా ఉన్న పావు వంతు మందికి డిమెన్షియా, అంటే మతి క్రమంగా తప్పే జబ్బు, వచ్చే ముప్పు మిగతా వారికన్నా 47 శాతం తక్కువ. వాళ్ళు వారానికి దాదాపు మూడుసార్లు చేప తినేవారు. మెదడు కణాల పొరల్లో డి.హెచ్.ఎ. దండిగా ఉంటుందన్నది ఎవరూ కాదనలేని సంగతి. ఉన్న సరుకు తరిగినప్పుడు బయటి నుంచి ఇస్తే తప్పేమిటి?

వాదాల_వెంకట్రావు
దత్తు గారూ, ఆ అధ్యయనం నేనూ చదివాను. ఎవరు ఏమి తింటున్నారో చూసి రాసుకున్నారు, అంతే. వారానికి మూడుసార్లు మంచి చేప కొనుక్కునేవాడికి చదువు, డబ్బు, తీరిక కూడా ఉండే అవకాశం ఎక్కువ. అతను నడకకు వెళతాడు, బి.పి. చూపించుకుంటాడు. ఆ మేలంతా చేప ఖాతాలో జమ కాకూడదు కదా.

అది తేల్చడానికే కొందరికి అసలు మందు, కొందరికి ఉత్తుత్తి మందు ఇచ్చి చూస్తారు. పైన చెప్పిన 2 గ్రాముల ప్రయోగం అదే, 2010లో ఫలితం వచ్చింది. అల్జీమర్స్ ఉన్న 402 మంది, పద్దెనిమిది నెలలు. వాడింది సూక్ష్మ నాచు నుంచి తీసిన డి.హెచ్.ఎ. రక్తంలో దాని మోతాదు పెరిగింది, జబ్బు మాత్రం తన దారిన తాను ముదిరింది. ఆ తరువాత ఫ్రాన్సులో డెబ్బై దాటి, జ్ఞాపకశక్తి మీద ఫిర్యాదు ఉన్నవాళ్ళు, ఒంట్లో బలం తగ్గినవాళ్ళు 1,680 మందిని తీసుకుని, వాళ్ళలో కొందరికి ఒమేగా-3 మూడేళ్ళు ఇచ్చి చూశారు. 2017లో చెప్పింది ఏమిటంటే చెప్పుకోదగ్గ తేడా లేదని.

డల్లాస్_దత్తు
ఇల్లు కాలుతుంటే బావి తవ్విన లెక్క అది. అల్జీమర్స్ వచ్చాక ఏది ఇచ్చినా వృథాయే. ఆ జబ్బు మెదడులో పదిహేను ఇరవై ఏళ్ళ ముందే మొదలవుతుందని ఇప్పుడు అందరూ ఒప్పుకుంటున్నారు. స్వీడన్ వాళ్ళు 2006లో ప్రకటించిన ప్రయోగంలో మొత్తం మీద లాభం కనిపించకపోయినా, జబ్బు అతి తక్కువగా ఉన్న కొద్దిమందిలో క్షీణత నెమ్మదించింది. ఆ ముక్క మీరు చెప్పరు.

వాదాల_వెంకట్రావు
చెబుతాను. ఆ కొద్దిమంది మరీ కొద్దిమంది. పెద్ద ప్రయోగంలో ఏమీ దొరకనప్పుడు లోపలి ముక్కలు తిరగేస్తూ పోతే ఎక్కడో ఒకచోట లాభం కనిపిస్తుంది. దాన్ని మళ్ళీ విడిగా పరీక్షించి నిలబెట్టాలి. ముందుగా మొదలుపెట్టాలి అంటారా, అదీ చూశారు. అమెరికాలో కంటి జబ్బు ఉన్న వృద్ధులు మూడు వేల మందికి పైగా ఉన్న ప్రయోగంలో కొందరికి ఐదేళ్ళు ఒమేగా-3 ఇచ్చారు. జ్ఞాపకశక్తి పరీక్షల్లో తేడా రాలేదు, 2015లో ప్రకటించారు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళ మీద జరిగిన ప్రయోగాలన్నీ కలిపి 2012లో కాక్రేన్ అనే వైద్య పరిశోధనల సమీక్ష సంస్థ వాళ్ళు బేరీజు వేసినా మాట అదే.

డల్లాస్_దత్తు
డెబ్బై మూడేళ్ళ సగటు వయసును మీరు ముందుగా అంటే నాకు చెప్పడానికి ఏమీ లేదు. నలభైలో మొదలుపెట్టి ముప్పై ఏళ్ళు నడిపే ప్రయోగానికి డబ్బు ఎవరు పెడతారు? చేప నూనెకు పేటెంటు రాదు.

ఆరోగ్య_మిత్రుడు
ఈ గొడవలన్నీ ఎందుకు. మా సంస్థ సముద్రపు మూలికల గుళికలు మూడు నెలలు వాడితే మతిమరుపు మాయం. వివరాలకు నాకు విడిగా సందేశం

నిర్వాహకుడు
పైన మిగిలిన భాగం, ఫోను నంబరు తీసివేశాను. అమ్మకాలకు ఇక్కడ చోటు లేదు.

పప్పుచారు_ప్రసాదు
నిర్వాహకుడు గారూ, మీ జ్ఞాపకశక్తి అమోఘం. పోయిన నెల కీళ్ళ నొప్పుల చర్చలోనూ ఈయన్నే తీసేశారు.

శాకాహారి_శర్మ
చేప వాసనే పడని మా బోటివాళ్ళ గతి ఏమిటి? మా ఇంట్లో అవిసె గింజల పొడి రోజూ కారంపొడిలో కలుపుతాం. అందులో ఒమేగా-3 చేపకన్నా ఎక్కువ అంటారు.

సముద్రపు_గాలి
శర్మ గారూ, అవిసెలో ఉండేది ఎ.ఎల్.ఎ. అనే వేరే రకం. మన ఒళ్ళు దాన్ని డి.హెచ్.ఎ.గా మార్చగలదు కానీ మార్చేది అత్యల్పం. పొడి మానకండి, గుండెకూ పేగుకూ మంచిదే, డి.హెచ్.ఎ. వస్తుందని మాత్రం లెక్క వేసుకోవద్దు.

అసలు చేప కూడా ఒమేగా-3ని తానుగా తయారు చేసుకోదు. సముద్రంలో కంటికి కనిపించని నాచు తయారు చేస్తుంది. దాన్ని చిన్న జీవులు, వాటిని చిన్న చేపలు, వాటిని పెద్ద చేపలు తింటాయి. చేపను పక్కన పెట్టి ఆ నాచునే తొట్లలో పెంచి తీసిన నూనె దొరుకుతుంది. చేప వాసన రాదు, ప్రాణిహింస లేదు. కాకపోతే క్యాప్సూలు పైపొర జంతువుల జిలెటిన్‌దా, మొక్కలదా అని మీరు విడిగా చూసుకోవాలి.

ఇక చేపల సంగతి. విశాఖ రేవు పక్కన పెరిగినవాణ్ని, నా పక్షపాతం ముందే చెబుతున్నాను. బజారులో ఖరీదు చూసి బలం అంచనా వేయకండి. వంజరం, చందువా పెళ్ళి విందులకు గొప్ప. ఒమేగా-3 దండిగా ఉండేది మాత్రం కవళ్ళు, కానాగంతలు, నెత్తళ్ళ వంటి చవక చేపల్లో. కవళ్ళను మా నాయనమ్మ పెనం మీద పెడితే నూనె వేయకుండానే చిటపటలాడేవి, అంత కొవ్వు. కొల్లేటి చెరువుల బొచ్చె, శీలావతి ఎక్కువగా తవుడు తిని పెరుగుతాయి. మంచి మాంసకృత్తులు ఉంటాయి, ఒమేగా-3 విషయంలో కవళ్ళతో పోటీ పడలేవు.

కొల్లేటి_కొంగ
మా చెరువు చేపను అంత మాట అన్నందుకు అభ్యంతరం తెలుపుతున్నాను. దేశంలో సగం మంది కడుపు నింపుతున్నది అదే.

సముద్రపు_గాలి
కడుపు గురించి కాదండీ, మెదడు గురించి మాట్లాడుతున్నాం.

కూకట్‌పల్లి_కుమారి
మరి మృగశిర కార్తెకు నాంపల్లిలో ఇచ్చే చేప మందు? ఏకంగా బతికున్న కొర్రమీను పిల్లనే మింగిస్తారు. ఒమేగా-3 తాజాగా దిగుతుంది.

పప్పుచారు_ప్రసాదు
అది ఉబ్బసానికమ్మా. మతిమరుపుకు వేసుకోవాలంటే ముందు మృగశిర కార్తె ఎప్పుడో గుర్తుండాలి.

పెద్దల_వైద్యుడు
మొదటి పోస్టు చదివి ఆగాను. ఇన్ని జవాబుల్లో ఒక్కరూ అమ్మగారిని డాక్టరుకు చూపించారా అని అడగలేదు. నేను వృద్ధుల వైద్యంలో ఉన్నాను. క్యాప్సూలు మాట తరువాత, ముందు ఈ సంగతులు చూడండి.

డబ్బు రెండుసార్లు ఇవ్వడం వయసుతో వచ్చే మామూలు మరుపు అనుకోవడానికి లేదు. అలాగని అది అల్జీమర్సే అనుకోవడానికీ లేదు. విటమిన్ బి12 తగ్గినా, థైరాయిడ్ మందగించినా, రక్తంలో సోడియం పడిపోయినా ఇలాగే ఉండవచ్చు. ఇవి మామూలు రక్త పరీక్షల్లో తెలుస్తాయి, చికిత్స ఉంది. అమ్మగారికి షుగరు ఉండి ఏళ్ళ తరబడి మెట్‌ఫార్మిన్ వాడుతుంటే బి12 తగ్గే అవకాశం మరీ ఎక్కువ. చేప మానేశారంటున్నారు, అదీ ఒక కారణం కావచ్చు.

ఆవిడ వాడే మాత్రలన్నీ ఒక సంచిలో వేసి తీసుకువెళ్ళండి. నిద్రమాత్రలు, దురదకూ జలుబుకూ ఇచ్చే కొన్ని పాత మందులు, మూత్రం ఆపుకోలేకపోతే ఇచ్చేవి కొన్ని, ఇవి వయసు మళ్ళినవారి మెదడును మసకబారుస్తాయి. తరువాత చెవులు. సరిగ్గా వినపడని మనిషికి విషయం మెదడు దాకా చేరనే చేరదు, మనం మరిచిపోయారు అంటాం. డిమెన్షియా మీద లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన సంఘం 2024లో ఇచ్చిన నివేదికలో మార్చుకోదగ్గ పద్నాలుగు కారణాలు రాశారు. వినికిడి లోపం, చూపు తగ్గడం, బి.పి., షుగరు, చెడు కొలెస్ట్రాల్, దిగులు, ఒంటరితనం, కదలకుండా కూర్చోవడం ఉన్నాయి. వీటన్నిటినీ సరిచేయగలిగితే దాదాపు 45 శాతం కేసులను ఆపడమో వాయిదా వేయడమో చేయవచ్చని వాళ్ళ అంచనా. ఆ పద్నాలుగింటిలో చేప నూనె తినకపోవడం లేదు.

భర్త పోయిన తరువాత మొదలైన దిగులు కూడా మతిమరుపులా కనిపిస్తుంది. మీ నాన్నగారి గురించి మీరు రాయలేదు కనుక ఊహించను. మన దేశంలో అరవై దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని అంచనా. చాలామంది ఇంటివాళ్ళు వయసు కదా అని ఊరుకుంటారు, రెండేళ్ళ తరువాత దారి తప్పిపోయాక మా దగ్గరకు వస్తారు.

గోదారి_గట్టు
డాక్టరు గారూ, నాన్న నాలుగేళ్ళ క్రితం పోయారు. అమ్మకు షుగరు ఉంది, మీరు చెప్పిన మాత్రే వాడుతోంది. టీవీ శబ్దం పక్కింటికి వినపడేంత పెడుతుంది, మేము విసుక్కుంటున్నాం తప్ప చెవి గురించి ఆలోచించలేదు. సీసా వెనుక చూశాను, బీరువా గారు చెప్పినట్లే 180, 120. రక్తం పలుచబడటానికి ఆస్పిరిన్ కూడా రోజూ వేస్తున్నాం. దానికీ చేప నూనెకూ ఏమైనా పడదా?

పెద్దల_వైద్యుడు
రెండు క్యాప్సూళ్ళ మోతాదుతో సాధారణంగా పెద్ద ఇబ్బంది ఉండదు. అయినా మీ డాక్టరుకు తప్పక చెప్పండి. ఎక్కువ మోతాదులో ఒమేగా-3 వాడినవారిలో గుండె లయ తప్పే జబ్బు కొంత ఎక్కువగా కనిపించింది. ఎవరో పదిహేడు అన్నారు కదా అని మీ తమ్ముడు పదిహేడు వేయించకుండా చూడండి. కాడ్ లివర్ నూనె అనే మరో రకం ఉంది, దాన్ని దీనికి బదులు వాడకండి. అందులో విటమిన్ ఎ ఎక్కువ, పేరుకుపోతే కాలేయానికి, ఎముకలకు చేటు.

న్యూయార్క్_నాగమణి
జెల్లీ చేప వీడియో మా వాళ్ళ గ్రూపులోనూ తిరిగింది. ఆ మాత్ర పేరు ప్రెవజెన్. ఇక్కడ టీవీ పెడితే చాలు, ఒకప్పుడు వార్తల మధ్యలో అదే. మెరిసే ఒక జెల్లీ చేపలోని మాంసకృత్తు అంటారు. ఆ జాతి నుంచే వెలికితీసిన ఆకుపచ్చ వెలుగు మాంసకృత్తుకు 2008లో షిమొమురా సహా మొత్తం ముగ్గురు శాస్త్రవేత్తలకు నోబెల్ వచ్చింది. పరిశోధనశాలలో దాని ఉపయోగం అపారం, కాదనను. మాత్రలో ఉన్నది దాని తోబుట్టువు లాంటి మరొకటి. మాంసకృత్తు కనుక కడుపులోకి వెళితే పప్పులా, గుడ్డులా అరిగిపోతుంది. మెదడుకు ఎలా చేరుతుందన్నదే ప్రశ్న. 2017లో అమెరికా కేంద్ర వాణిజ్య సంఘం, న్యూయార్క్ రాష్ట్రం కలిసి ఆ కంపెనీ మీద దావా వేశాయి. 2024 చివర్లో జ్ఞాపకశక్తి పెంచుతుందని ప్రచారం చేయవద్దని కోర్టు ఆదేశించింది. మీ పెద్దమ్మ కొడుకుకు ఈ ముక్క పంపండి.

వుహాన్_విద్యార్థి
సముద్రపు నాచు మాత్రల గురించి ఎవరూ మాట్లాడలేదు. చైనాలో వైద్యం చదువుతున్నాను కనుక నాకు తెలిసినది చెబుతాను. గోధుమరంగు నాచులోని చక్కెర గొలుసులతో తయారైన ఒక మందుకు ఇక్కడ 2019 నవంబరులో అల్జీమర్స్ కోసం షరతులతో అనుమతి ఇచ్చారు. జి.వి.-971 అంటారు. పేగులోని సూక్ష్మజీవుల పొందిక మార్చి, దాని ద్వారా మెదడు వాపును తగ్గిస్తుందని వాళ్ళ వాదన. 818 మంది మీద 36 వారాల ప్రయోగం. తమాషా ఏమిటంటే, చివరి పన్నెండు వారాల్లో ఉత్తుత్తి మందు వాడినవారు గబుక్కున దిగజారారు, తేడాలో ఎక్కువ భాగం అక్కడే వచ్చింది. అది చూసి బయటి శాస్త్రవేత్తలు కనుబొమలు ఎగరేశారు. ఇతర దేశాల్లో మొదలుపెట్టిన పెద్ద ప్రయోగాన్ని కంపెనీ 2022లో మధ్యలోనే ఆపేసింది.

దుకాణం ఆయన ఇచ్చే నాచు మాత్ర ఇది కాదు. అది ఎండబెట్టి పొడి చేసిన నాచు అయి ఉంటుంది. కొన్ని రకాల నాచులో అయోడిన్ విపరీతం. థైరాయిడ్ పరీక్ష చేయించకముందే అది మొదలుపెడితే లేని తలనొప్పి.

మందుల_బీరువా
మా దుకాణదారుల తరఫున ఒక మాట. ఇలాంటి మాత్రల మీద మాకు మిగిలేది మందుల మీద మిగిలే దానికన్నా బాగా ఎక్కువ. ఇంతకంటే విడమరచి చెప్పను.

వాదాల_వెంకట్రావు
సముద్రం అంటే అంతా అమృతమే అనుకునేవారికి ఒక కథ. 1987లో కెనడాలోని ప్రిన్స్ ఎడ్వర్డ్ దీవి ఆల్చిప్పలు తిని వందమందికి పైగా జబ్బు పడ్డారు. ఒక రకం సూక్ష్మ నాచు తయారు చేసిన డొమోయిక్ ఆమ్లం ఆ ఆల్చిప్పల్లో చేరింది. మెదడులో జ్ఞాపకాలు చూసే భాగాన్నే అది దెబ్బతీసింది. కొందరికి కొత్త విషయాలు గుర్తుపెట్టుకునే శక్తి శాశ్వతంగా పోయింది. డి.హెచ్.ఎ. ఇచ్చేదీ నాచే, ఇది ఇచ్చిందీ నాచే.

డల్లాస్_దత్తు
ఎప్పుడో కెనడాలో జరిగినదాన్ని తెచ్చి ఉప్పాడ ఆవిడను భయపెట్టడం ఏమి న్యాయం?

వాదాల_వెంకట్రావు
భయపెట్టడం లేదు. చేపకు నేను వ్యతిరేకిని కాదు, సీసాకే. చికాగోలో చనిపోయిన 286 మంది వృద్ధుల మెదళ్ళు పరిశీలించి 2016లో రాశారు. వారానికి ఒకసారైనా సముద్రపు తిండి తిన్నవారిలో, అల్జీమర్స్ ముప్పు పెంచే జన్యువు ఉన్నవారికి మెదడులో ఆ జబ్బు ఆనవాళ్ళు తక్కువగా కనిపించాయి. ఎక్కువ చేప తిన్నవారి మెదడులో పాదరసం ఎక్కువే ఉంది, దాని వల్ల అదనపు చెడు కనిపించలేదు. చేప నూనె మాత్రలు వేసుకున్నవారిలో మాత్రం ఏ సంబంధమూ దొరకలేదు. ఇదీ పరిశీలనే తప్ప ప్రయోగం కాదు, నేను పైన అన్న అభ్యంతరం దీనికీ వర్తిస్తుంది. అయినా చేప తింటే కనీసం కూర రుచిగా ఉంటుంది.

డల్లాస్_దత్తు
మొత్తానికి చేప దాకా వచ్చారు, సంతోషం. మా అత్తగారి క్రిల్ నూనె మాత్రం ఆపను. డి.హెచ్.ఎ.ను మెదడులోకి మోసుకువెళ్ళే ద్వారం లాంటి మాంసకృత్తును సింగపూర్ వాళ్ళు 2014లోనే కనిపెట్టారు. ఏ రూపంలో ఇస్తే ఆ ద్వారం గుండా వెళుతుందో ఇంకా తేలాలి. తేలినప్పుడు మాట్లాడుకుందాం.

వాదాల_వెంకట్రావు
ఎలుకల్లో కనిపెట్టారు. మాట్లాడుకుందాం.

గోదారి_గట్టు
డాక్టరు దగ్గర సమయం తీసుకున్నాను, బి12, థైరాయిడ్, సోడియం పరీక్షలకు రేపు పొద్దున రక్తం ఇస్తుంది. నాచు మాత్రలు కొనలేదు. తమ్ముడికి ఈ చర్చ పంపితే అలిగాడు, తన ప్రేమను సీసా లెక్కలతో కొలుస్తున్నానట. ఉన్న సీసా అయ్యేదాకా రోజుకు రెండు వేద్దాం, డాక్టరు వద్దంటే తప్ప అన్నాను, కాస్త చల్లబడ్డాడు. అమ్మను మళ్ళీ చేపకు మళ్ళించాలి. సొర పిట్టు అయితే ముల్లు ఉండదని అడుగుతోంది.

సముద్రపు_గాలి
సొర వేటాడి తినే పెద్ద చేప, పాదరసం పేరుకునేది అలాంటివాటిలోనే. ఎప్పుడైనా ఒకసారి సరే, వారం వారం వద్దు. అదే పిట్టు కానాగంతతో చేయండి. పసుపు, ఉప్పు వేసి ఆవిరి మీద ఉడికించి, చల్లారాక తోలు తీస్తే నడిముల్లు ఒక్క లాగులో వచ్చేస్తుంది. పక్క ముళ్ళు వేళ్ళకు తగులుతాయి, కంటితో చూస్తే దొరకవు, నలుపుతూ తీయాలి. ఒకసారి మీరు నలిపి, ఇంకొకసారి మరొకరితో నలిపించండి. ఉల్లి, పచ్చిమిర్చి, అల్లం బాగా మగ్గాక అందులో కలిపి చిన్న సెగ మీద పొడిపొడిగా అయ్యేదాకా తిప్పండి. నెత్తళ్ళయితే బొటనవేలితో తల గిల్లితే పేగు కూడా దానితోనే ఊడి వస్తుంది. పులుసులో ముల్లు మెత్తబడుతుంది కానీ పళ్ళు లేనివారికి నేను ధైర్యం చేయను. ముంచి వేపుడు మాత్రం వద్దు, చేపలోని మంచి కొవ్వు కొంత బాణలిలోకి పోతుంది, బాణలిలోని నూనె చేపలోకి వస్తుంది.

పెద్దల_వైద్యుడు
అమ్మగారినే పక్కన కూర్చోబెట్టి వండించండి. ఏ తరువాత ఏది వేయాలో ఆవిడను చెప్పనివ్వండి. మధ్యలో ఎక్కడైనా ఆగిపోతున్నారేమో గమనించి నాలాంటివాడికి చెబితే మాకు చాలా పనికొస్తుంది. అలాగే చెవి పరీక్ష మరవకండి, రక్త పరీక్షల చీటీలో అది ఉండదు.

కూకట్‌పల్లి_కుమారి
కానాగంతలు మా వైపు ఆదివారం మాత్రమే వస్తాయి, అవీ మంచులో పడి ఎన్నాళ్ళయిందో. ఏమి చూసి కొనాలి?

సముద్రపు_గాలి
కన్ను ఉబ్బి మెరుస్తూ ఉండాలి, లోపలికి గుంటపడితే వదిలేయండి. మొప్ప ఎత్తి చూడండి, ఎర్రగా ఉండాలి. కొవ్వు చేప త్వరగా చెడుతుంది, సరిగ్గా మంచులో పెట్టనివి తింటే ఒళ్ళు దద్దుర్లు వస్తాయి. అనుమానం ఉంటే ఆ వారం మానేయండి.

కొల్లేటి_కొంగ
ఆఖరి ప్రశ్న. బొచ్చెను ఎలాగూ కొట్టేశారు. భీమవరం వనామీ రొయ్య సంగతి?

సముద్రపు_గాలి
రొయ్యలో కొవ్వే తక్కువ, ఒమేగా-3 కూడా ఆ మేరకే. వేపుడు చేసుకుని హాయిగా తినండి, మెదడు పేరు చెప్పకండి.